దాది మొక్క

ఏప్రిల్ 9

దారాల కొట్టువాడు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. ఇన్నాళ్ళూ కుట్టుమిషన్ కాలి కింద ఎత్తుకి పెట్టాను. ఇవాళ లాగేశాను. మిషన్ ఊగుతోంది, ఊగనీ. నాకు ఎవరితోనైనా మాట్లాడాలని ఉంది. ఇంట్లో మాట్లాడే మనిషి లేరు. మనిషి ఉన్నారు, మంచం మీద. మాటే లేదు.

మావారిని ఆస్పత్రి నుంచి తెచ్చేశాం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. "ఆయనకి వినబడుతుంది. కానీ ఎంతవరకు అర్థమవుతోందో ఇప్పుడే చెప్పలేం" అన్నాడు డాక్టరు. పెళ్ళయిన దగ్గర్నుంచీ నాదీ అదే అనుమానం. అక్కడే ఆ మాట అనేశాను కూడా. తమ్ముడు నవ్వు ఆపుకోలేక ఎక్స్‌రే కవరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఇంటికొచ్చాక నేను స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను.

ఏప్రిల్ 12

ఆస్పత్రిలో ఒక అమ్మాయి ఉంది. పోయిన మాట మళ్ళీ నేర్పిస్తుంది. నేను మాటల టీచరు అంటున్నాను. మంగళవారం మంగళవారం తీసుకురమ్మంది. జూన్ చివర్లో పరీక్ష చేస్తుందట. మెరుగు కనబడితే నేర్పడం కొనసాగిస్తారు, లేకపోతే ఆ గంట ఇంకొకరికి ఇచ్చేస్తారు. "బయట చాలామంది ఎదురుచూస్తున్నారమ్మా" అంది. ఎదురుచూడనీ. మావారు పాసవుతారు. నేను పాస్ చేయిస్తాను.

ఏప్రిల్ 13

కిటికీ దగ్గర ఆయన విత్తనాల డబ్బా అలాగే ఉంది.

ఏప్రిల్ 15

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పనిలో తీగలూ గేర్లూ, ఇంటికొస్తే ముళ్ళ మొక్కలు. మామూలుగా నాతో "ఊ", "సరే", "తర్వాత చూద్దాం" తప్ప మాట్లాడరు. అదే కాక్టస్ విత్తనాల సంగతైతే అడగకపోయినా చెబుతారు. పక్క మీద ముళ్ళు, తువ్వాలులో ముళ్ళు. కుట్టడానికి వచ్చిన బట్టల్లో కూడా ఒకసారి ముల్లు దొరికింది. ఆ ముల్లు గుచ్చుకున్నది ఒక కానిస్టేబులుకి. ఎంత గొడవయిందో.

ఆ రోజు కిటికీ దగ్గర నిలబడి విత్తనాలు చల్లుతూనే పడిపోయారు. ఇసుకా ఇటుక పొడీ నా పెనం మీదే వేయించి, చల్లార్చి, ప్లాస్టిక్ డబ్బాలో పోసుకున్నారు. వేయించకపోతే బూజు పడుతుందట. పెనం పాడవుతుందని పొద్దున్నే పోట్లాడాను. అంబులెన్సు కోసం ఎదురుచూస్తూ ఏం చెయ్యాలో తోచక ఆ డబ్బాకి మూత పెట్టాను. మనిషి నేల మీద ఉంటే నేను డబ్బాకి మూత పెట్టాను.

ఇవాళ చూస్తే లోపలంతా ఆవగింజంత పచ్చటి బొట్లు. ఎవరూ నీళ్ళు పోయలేదు, ఎవరూ పలకరించలేదు. మూతలోపలి చెమ్మతోనే మొలిచేశాయి.

డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాను. చాలాసేపు చూశారు. తర్వాత ఎడమ చెయ్యి మెల్లగా లేపి ఒక మూల చూపించారు. అక్కడ ఒక మొలక పచ్చగా లేదు. పసిపిల్లల చిగుళ్ళ రంగులో ఉంది.

నాకు తెలుసు అదేమిటో. ఏళ్ళ తరబడి భోజనాల దగ్గర విన్నదే కదా. అలాంటిది లక్షలో ఒకటి మొలుస్తుందట. ఒంట్లో పచ్చదనం లేదు కాబట్టి తన తిండి తాను వండుకోలేదు. గింజలో పాలున్నంతవరకే బతుకుతుంది, తర్వాత చస్తుంది. బతకాలంటే ఇంకో కాక్టస్ తల కోసి, దాని మీద దీన్ని అంటు కట్టాలి. అలా పరాయి బిడ్డని మోసి పాలిచ్చే మొక్కని ఆయన "దాది" అంటారు. మూడు పలకల కాండంతో జానెడు ఎత్తున ఉంటుంది. బాల్కనీలో దాదులు వరసగా సిద్ధంగా ఉన్నాయి. ఈ రంగు బిడ్డ కోసం ఎన్నేళ్ళుగానో చూస్తున్నారు. ఇప్పుడు వచ్చింది.

ఏప్రిల్ 22

మాటొచ్చింది! "నీళ్ళు కావాలా, నీళ్ళు?" అన్నాను. "నీళ్ళు" అన్నారు. స్పష్టంగా! గ్లాసు ఇస్తే తాగలేదు, అది వేరే సంగతి.

మే 2

ఆ మొలక వాడుతున్నట్టుంది. ఇక లాభం లేదని ఇవాళ అంటు కట్టేశాను.

నా చేతికి బ్లేడు కొత్త కాదు. పొద్దున లేస్తే కుట్లు విప్పడమే నా పని. అయినా ఇంత భయపడుతూ ఎప్పుడూ పట్టుకోలేదు. ఆయన్ని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టి, ముందు చిన్న బల్ల వేసి, దాని మీద అన్నీ పెట్టాను. దాది తల అడ్డంగా కోశాను. తడి తడిగా తెల్లటి కండ, నడుమ చిన్న ఉంగరంలాంటి గుర్తు. మొలకలోనూ అలాంటి ఉంగరమే ఉంటుందట, కంటికి ఆననంత చిన్నది. దీని మీద అది పడాలి. పడితే పాలు ఎక్కుతాయి, పడకపోతే అంతే.

మొలకని కోయబోతుంటే ఆయన ఎడమ చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా. నాకు అర్థం కాలేదు. "వదలండి" అన్నాను. వదల్లేదు. స్పిరిట్ సీసా వైపు చూశారు, నా వైపు చూశారు. అప్పుడు గుర్తొచ్చింది, బ్లేడు రెండోసారి తుడవలేదని. తుడిచాను. వదిలారు.

పచ్చి బఠాణీలో పావు వంతు కూడా ఉండదు ఆ ముక్క. సూది మొనతో ఎత్తి ఉంగరం మీద పెట్టాను. నొక్కి ఉంచడానికి ఆయనైతే ఏవో రబ్బరు బ్యాండులు వాడతారు, అవి ఎక్కడున్నాయో చెప్పే నోరు లేదు. నా డబ్బాలోంచి సన్నటి ఎలాస్టిక్ తీశాను, పిల్లల చెడ్డీలకి వేసేది. "మీ రంగు బిడ్డకి చెడ్డీ నాడా కట్టానండీ" అంటే మూతి ఒక పక్కకి కదిలింది. అది నవ్వే. కాదంటే నేను ఒప్పుకోను, నవ్వే అది.

పైన గాజు గ్లాసు బోర్లించాను.

మే 3

తియ్యకూడదు. తియ్యను.

మే 5

తీసి చూశాను. ఊడలేదు. మళ్ళీ బోర్లించాను.

మే 12

తమ్ముడు వచ్చాడు. స్కూలు వ్యాను నడుపుతాడు కాబట్టి మధ్యాహ్నం ఖాళీ. వాడొచ్చినప్పుడే నేను మార్కెట్‌కి వెళ్ళొస్తాను.

నాకు గొప్పగా ఉంది కదా, వాడి ముందు చేయించి చూపించాను. "ఏమండీ, తమ్ముడు వచ్చాడు" అన్నాను. "వచ్చాడు" అన్నారు. "ఆకలేస్తోందా?" అంటే "ఆకలేస్తోందా" అన్నారు. "చూశావా!" అన్నాను వాడితో. మంచం మీంచి "చూశావా" అని కూడా వచ్చింది.

వాడు కాసేపు గోడ గడియారం చూశాడు. "అక్కా, నువ్వన్నదే అంటున్నాడే బావ" అన్నాడు.

"అదేగా నేర్చుకోవడం అంటే. నువ్వు అఆలు ఎలా నేర్చుకున్నావు?"

"నేర్చుకోలేదుగా, అందుకేగా వ్యాను తోలుతున్నా" అని నవ్వించబోయాడు. నేను నవ్వలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "అది కాదక్కా, నేను ఒక్కడినే కూర్చున్నప్పుడు ఒక్క మాట కూడా అనడు. క్రికెట్ పెట్టినా అనడు" అన్నాడు.

వాడి ఎదురుగా ఎవరికి మాట్లాడాలనిపిస్తుంది? ఒళ్ళు మండింది నాకు.

మే 21

పచ్చబడింది.

పొద్దున గ్లాసు తీసి చూస్తే, కోసిన చోట పచ్చగా, నిగనిగలాడుతూ ఒక బుడిపె. నిన్నటిదాకా పాలిపోయి ముడుచుకుని ఉన్నది ఇవాళ పచ్చగా ఉబ్బింది! ఎవరు చెప్పారు పచ్చదనం రాదని? మాట రాదని కూడా చెప్పారుగా!

కుండీ ఎత్తుకుని మంచం దగ్గరికి పరిగెత్తాను, వయసు కూడా మర్చిపోయి. "పచ్చగా వచ్చింది చూడండి!" అంటే, "చూడండి" అన్నారు. నన్ను మీరు అనడం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. పోన్లే, ఇప్పటికైనా మర్యాద తెలిసింది అన్నాను. "తెలిసింది" అన్నారు.

చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

మే 27

ఇంకా పెరిగింది. మిగతా మొలకల్లా గుండ్రంగా లేదు, కాస్త పలకలు పలకలుగా ఉంది. మొండిది. బతికే వాటికి ఆ మాత్రం మొండితనం ఉండాలి. పాత పొట్టు ఒకటి పక్కన ఎండి అంటుకుని ఉంది, అదే రాలిపోతుందిలే.

మే 29

ఆయనకి ఏమొచ్చిందో అర్థం కావడం లేదు. బల్ల మీద కుండీ పెడితే చాలు, ఎడమ చెయ్యి దాని మీదికి పోతోంది. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి ఆ పచ్చ బుడిపెని గిల్లబోతారు. రెండుసార్లు పక్కకి జరిపాను. మూడోసారి గోరు తగలనే తగిలింది.

"ఏమిటా పాడు పని? చంపుతారా దాన్ని?" అని అరిచాను.

"చంపుతారా దాన్ని" అన్నారు. కళ్ళు మాత్రం కుండీ మీదే ఉన్నాయి.

జూన్ 1

మళ్ళీ అదే. ఈసారి చేతి మీద ఒక్కటి వేశాను. చిన్నపిల్లాడికి వేసినట్టు. ఆయన నా మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయారు. చెయ్యి చాలాసేపు గాల్లోనే ఉంది, తర్వాత దుప్పటి మీదికి దిగింది.

కుండీ తీసుకెళ్ళి బీరువా మీద పెట్టేశాను.

ఎందుకు గిల్లాలనుకుంటున్నారో నాకు తెలుసు. ఇన్నేళ్ళు తన వల్ల కానిది నా చేతిలో అయింది. అది ఓర్చుకోలేకపోతున్నారు. మగవాళ్ళు మంచాన పడ్డా అదొక్కటీ పోదు.

జూన్ 2

కొట్టి ఉండకూడదు.

జూన్ 11

చెయ్యి చాచడం మానేశారు. బుద్ధిమంతుడయ్యారు. మాటలు మాత్రం రోజురోజుకీ పెరుగుతున్నాయి. ఇవాళ ఒక వాక్యం మొత్తం అన్నారు: "ఈ జాకెట్టు చేతులు మళ్ళీ విప్పాలి." మిషన్ దగ్గర నేను గొణుక్కుంటున్నదే, అయినా ఎంత పొడుగు వాక్యం! మాటల టీచరుకి చెప్పాలి.

జూన్ 29

పరీక్ష అయింది.

ఉతికిన చొక్కా వేసి, తల దువ్వి తీసుకెళ్ళాను. దారి పొడుగునా వ్యానులో సాధన చేయించాను. "నా పేరు చెప్పండి" అంటే "చెప్పండి" అనేవారు, పేరు నేనే అందిస్తే చక్కగా అనేవారు. తమ్ముడు అద్దంలోంచి చూస్తూ బండి నడిపాడు. ఒక్క జోకూ వెయ్యలేదు.

టీచరు ఎదుట కూడా బాగా చేశారు. నేనడగడం, ఆయన అనడం. ఆ పిల్ల శ్రద్ధగా చూసింది. చివర్లో, "అమ్మా, మీరు కాసేపు బయట కూర్చోండి" అంది.

బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపుకి గాజు ముక్క ఉంది. ఆ పిల్ల ఆయన ముందు బొమ్మలు పెట్టింది. కప్పు, తాళం, గొడుగు. ఒకటి చూపిస్తుంది, తను మాట్లాడదు, ఎదురుచూస్తుంది. మళ్ళీ ఒకటి. ఆయన నోరు తెరవలేదు. నేను ఇవతల గాజుకి మొహం ఆనించి "తాళం, తాళం" అంటున్నాను. పక్కనున్న ఎవరో ముసలాయన "తాళం పోయిందా అమ్మా?" అని అడిగాడు.

తర్వాత లోపలికి పిలిచింది. నా చెయ్యి పట్టుకుని చెప్పింది. "ఆయన మీ మాటల్నే తిరిగి ఇస్తున్నారమ్మా. అవి ఆయనవి కావు. మీరు ఆపితే ఆగిపోతాయి." ఇంకా ఏదో అంది, మెదడులో ఆ భాగం గురించి. వచ్చే మంగళవారం నుంచి రానక్కర్లేదంది.

కొత్తవాళ్ళ ముందు సిగ్గుపడ్డారు, అంతే. ఆయన మొదట్నుంచీ అంతే, మా పెళ్ళిచూపుల్లో కూడా నోరు విప్పలేదు.

జూన్ 30

అంతే. సిగ్గు.

జులై 8

బట్టలు పేరుకుపోయాయి. కుట్టబుద్ధి కావడం లేదు.

జులై 13

ముళ్ళ మాస్టారు వచ్చారు. బడిలో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. మావారికీ ఆయనకీ కాక్టస్ విత్తనాల ఇచ్చిపుచ్చుకోళ్ళు. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదంటే, మంచాన పడ్డ స్నేహితుణ్ణి చూసే ధైర్యం లేక, అని దాచుకోకుండా చెప్పేశారు. ఆ మాటకే నాకు ఆయన మీద కోపం పోయింది.

కాఫీ ఇస్తే తాగారు. అప్పుడు గుర్తొచ్చింది. బీరువా మీంచి కుండీ దింపి ఆయన చేతిలో పెట్టాను. "రంగు బిడ్డ మొలిచింది మాస్టారూ. నేనే అంటు కట్టాను. పచ్చబడింది కూడా" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే చచ్చిపోవాలనిపిస్తోంది.

కళ్ళజోడు మార్చుకుని చూశారు. కుండీ తిప్పి తిప్పి చూశారు.

"అమ్మా, ఇది మీ మొలక కాదు" అన్నారు. "దాది వేసిన పిలక. మూడు పలకలు చూడండి, అచ్చం తల్లికున్నట్టే. మీ మొలక ఇదిగో." గోటితో చూపించారు. నేను పొట్టు అనుకున్నది.

నేను కుండీ మీదికి వంగి చూశాను.

"మీరు కట్టడం చక్కగానే కట్టారు. ఎండిపోయాక కూడా ఊడలేదంటే అతుక్కున్నట్టే. బతికేదే. కానీ ఇలా పిలక లేవగానే గిల్లెయ్యాలి. లేకపోతే దాది పాలన్నీ సొంత బిడ్డకే ఇచ్చుకుంటుంది, పైనున్న పరాయి బిడ్డ ఎండిపోతుంది." అని మంచం వైపు తిరిగారు. నొచ్చుకున్నట్టుగా అన్నారు. "నీకు తెలియంది కాదు కదయ్యా. కళ్ళముందు లేస్తుంటే చూస్తూ ఎలా ఊరుకున్నావు?"

"ఊరుకున్నావు" అన్నారు మావారు.

జులై 14

ఊరుకోలేదు.

జులై 16

ఆయన ఊరుకోలేదు. మే నెల పేజీలన్నీ తిరగేశాను, నా చేతి రాతే ఉంది. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి, అని నేనే రాశాను. రాసి కూడా చూడలేదు.

ఆయన నోట్లోంచి వచ్చిన ప్రతి మాటా నాది. నా మాట నాకే తిరిగొస్తుంటే ఆయన తిరిగొస్తున్నారనుకుని మురిసిపోయాను. ఆయన ఉన్నది ఆ రెండు వేళ్ళల్లో. బ్లేడు తుడవమన్నది ఆ చెయ్యే. ఆ చేత్తో ఆయన నాతో మాట్లాడారు, ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ. నేను దాని మీద కొట్టాను.

టీచరు పెట్టిన బొమ్మల్లో కాక్టస్ లేదు. బ్లేడు లేదు, స్పిరిట్ సీసా లేదు. ఆ సంగతి చెప్పడానికి నిన్న ఆస్పత్రికి వెళ్ళాను. ఆ పిల్ల పాపం పూర్తిగా విన్నది. "ఇప్పుడు చేస్తున్నారా అమ్మా, ఆ చేత్తో?" అని అడిగింది.

లేదన్నాను.

జులై 19

బాల్కనీలోంచి ఇంకో దాదిని తెచ్చి తల కోశాను. పైన ఏమీ కట్టలేదు, కట్టడానికి లేదు. డబ్బాలో మిగతావన్నీ మామూలు పచ్చ మొలకలే. బల్ల ఆయన ఎడమ పక్కకి వేసి కుండీ అక్కడ పెట్టాను. తల పోయింది కాబట్టి పిలక వేస్తుంది. వెయ్యకుండా ఎలా ఉంటుంది?

బ్లేడు కావాలని తుడవలేదు, ఆయన చూసేలా. చెయ్యి కదల్లేదు. కిటికీ వైపు చూస్తున్నారు.

జులై 24

ఆయన పక్కన కూర్చున్నప్పుడు మాట్లాడటం మానేశాను. నేను ఆపితే అక్కడ ఏం మిగులుతుందో చూద్దామని. ఫ్యాను చప్పుడు మిగిలింది.

ఆగస్టు 3

పిలక లేచింది. ఆవగింజంత. ఆయన చెయ్యి తీసుకుని దాని దగ్గర పెట్టాను. బరువుగా ఉంది. నేను వదలగానే దుప్పటి మీదికి జారింది. కొట్టినందుకు అలిగారేమోనని ఆ చేతికి దణ్ణం పెట్టాను. ఎవరూ చూడలేదు.

ఆగస్టు 4

అలక కూడా కాదు. అలిగితే తెలుస్తుంది నాకు.

ఆగస్టు 17

తమ్ముడు వచ్చాడు. బల్ల మీద కుండీ చూసి, "ఇదేంటక్కా, పైన కొమ్ములాగా? గిల్లాలన్నారుగా మాస్టారు, ఎందుకు పెంచుతున్నావు?" అన్నాడు.

"నేను గిల్లను. మీ బావ గిల్లుతారు" అన్నాను.

"గిల్లుతారు" అన్నారు మంచం మీంచి.

తమ్ముడు లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. అక్కడ మొక్కలకి నీళ్ళు పెడుతున్నట్టు చప్పుడు చేశాడు. కాక్టస్‌లకి ఈ కాలంలో అన్ని నీళ్ళు పోయకూడదు. నేను వారించలేదు.

ఆగస్టు 30

పిలక నా చిటికెన వేలంత అయింది. మూడు పలకలూ దూరం నుంచే తెలుస్తున్నాయి.

కుండీని ఆయన ఎడమ చేతికి ఇంకాస్త దగ్గరికి జరిపాను. నేనేమీ అనలేదు.